బుల్లిబాబు గారి శుద్ధ చర్మ విధానం

హైటెక్ సిటీ ఉద్యోగుల చర్మం ఇకపై చర్మంలాగే ఉండాలని గౌరవనీయ బుల్లిబాబు గారు ప్రకటించిన రోజున సభాభవనం చప్పట్లతో దద్దరిల్లింది. చప్పట్లు కొట్టినవారిలో నేనూ ఉన్నాను. వేదిక మీద నాకు కుర్చీ వేశారు, ముందు నా పేరు రాసిన పలక పెట్టారు, భుజాన శాలువా కప్పారు. శాలువా కప్పించుకున్న మనిషి చప్పట్లు కొట్టకుండా ఉండగలడని విజ్ఞానశాస్త్రం ఇంతవరకూ నిరూపించలేదు.

"నుదుటి మీద రాత బ్రహ్మ రాస్తాడు. చేతి మీద రాసుకోవడానికి వీళ్లెవరండీ?" అని బుల్లిబాబు గారు మైకును నిలదీశారు.

తెర మీద 'క్లీన్ స్కిన్ పాలసీ' అని ఇంగ్లీషులోనూ, 'శుద్ధ చర్మ విధానం' అని తెలుగులోనూ మెరిసింది. పైకి కనిపించే పచ్చబొట్టు గాని, కుట్టించుకున్న అదనపు రంధ్రం గాని ఉన్నవారు ఉద్యోగానికి తగరు. ముందు సంస్థ సొంత కార్యాలయంలో అమలుచేసి, ఆ తర్వాత ఐటీ కారిడార్‌లోని కంపెనీలన్నిటికీ ఆదర్శంగా అందిస్తారు.

సంస్థ అంటే సాంకేతిక ఉద్యోగుల సంస్కార సంవర్ధక సంస్థ. బుల్లిబాబు గారు దానికి చైర్మన్. మొన్నటి ఎన్నికల్లో ఆయన సేవలను ఒక్క నియోజకవర్గానికే పరిమితం చేయడానికి ప్రజలు ఒప్పుకోలేదు. అందువల్ల ప్రభుత్వం ఆయనను ఐటీ కారిడార్ మొత్తానికీ అంకితం చేసింది. కార్యాలయం మెట్రో స్టేషన్ వెనక అద్దాల మేడలో ఒక అంతస్తు. అందులో ఒక హెల్ప్‌లైన్ ఉంది. క్యాబు రాలేదని, హాస్టల్ సాంబారులో బల్లి పడిందని, మేనేజరు సెలవివ్వడం లేదని ఉద్యోగులు ఫోన్ చేస్తారు. ఎత్తినవారు ఏదో ఒక దారి చూపిస్తారు. సంస్థలో జరిగే పని అదొక్కటే కావడం వల్ల దాని మీద ఎవరికీ పెద్ద గౌరవం లేదు.

ఆ హెల్ప్‌లైన్‌కు షిఫ్ట్ లీడ్ ప్రశాంతి. పుప్పాలగూడ అమ్మాయి. ఏళ్ల తరబడి కాంట్రాక్టు మీదే ఉంది. హెల్ప్‌లైన్ వాళ్లను ఈసారి పర్మనెంట్ చేస్తామని ప్రభుత్వం మాటిచ్చింది. అందరికంటే ముందు వినిపించే పేరు ఆమెదే. అయితే ఆమె ఎడమ మోచేతి కింద ఒక తేలు ఉంది.

నాకు చిన్న సందేహం కలిగింది. సందేహం నా పాత జబ్బు. డిగ్రీ కాలేజీలో జంతుశాస్త్రం చెప్పి, రిటైరై మణికొండలో స్థిరపడ్డాక కూడా నయం కాలేదు.

"హెల్ప్‌లైన్ వాళ్లు ఫోన్లో కదండీ మాట్లాడేది? అవతలివాళ్లకు చేయి కనబడదేమో," అన్నాను శాలువా సర్దుకుంటూ.

"కనబడదు మాస్టారూ. స్వరంలో వినబడుతుంది," అన్నారు బుల్లిబాబు గారు.

అంతటి శ్రవణశక్తి గబ్బిలాలకు మాత్రమే ఉందని నేను అన్నాళ్లూ అపోహపడుతూ వచ్చాను.

విధివిధానాలకు కమిటీ వేశారు. అధ్యక్షులు బుల్లిబాబు గారు. సంస్కృతికి పుణ్యవతి గారు. ఆమె ముక్కుకు రెండు వైపులా రవ్వలు మెరుస్తుంటాయి గనక ఆ విషయంలో ఆమెకు ఎదురులేదు. శాస్త్రానికి నేను. తలుపు దగ్గర ఎల్లేశం. పుప్పాలగూడ నుంచి గచ్చిబౌలి దాకా బుల్లిబాబు గారి ఫ్లెక్సీలు కట్టే కార్యకర్త అతనే. అతన్ని 'సంస్కార మార్షల్'గా నియమించాలని అధ్యక్షుల వారి ఆలోచన.

మొదటి సమావేశంలో రంధ్రాలు చర్చకు వచ్చాయి.

"చెవి తమ్మెకు, ముక్కుకు అభ్యంతరం లేదు," అన్నారు పుణ్యవతి గారు. "మన పూర్వీకులు ఏ రంధ్రం పెట్టినా వెనక సైన్సుందండీ. ముక్కు దగ్గర ఒక నరం ఉంటుంది. అది తిన్నగా గర్భసంచికి వెళుతుంది."

"నేను ముప్ఫై ఏళ్లకు పైగా శరీరనిర్మాణం బోధించానండీ. ఆ నరం నాకెక్కడా ఎదురుపడలేదు."

"మీకెందుకు ఎదురుపడుతుందండీ? మీరు మగవారు."

ఈ వాదనలో దోషం ఎక్కడుందో కనిపెట్టేలోగా కమిటీ పైచెవికి వెళ్లిపోయింది. పైచెవికి కుట్టించుకోవడం విదేశీ వ్యామోహమని బుల్లిబాబు గారు తేల్చారు. వెంటనే పుణ్యవతి గారు నొచ్చుకున్నారు. "అదేంటండీ, మా బామ్మకు పైచెవికి బావిలీలు ఉండేవి. ఆవిడ అమలాపురం దాటి ఎరగదు." పైచెవి సంప్రదాయమైంది. మగవాళ్ల ముక్కు వంతు వచ్చేసరికి తలుపు దగ్గర నుంచి ఎల్లేశం గొంతు సవరించుకున్నాడు.

"అన్నా, జర నా ముక్కు సూడు. నా ముంగట పుట్టినోళ్లు దక్కలే. నన్ను అమ్మోరికి మొక్కి ముక్కు కుట్టిచ్చిన్రు. గిదేమన్న ఫ్యాషనా?"

అది కూడా సంప్రదాయమైంది. కనుబొమకు మాత్రం ఎవరి పూర్వీకులూ సాయం రాలేదు. చివరికి నాలుక మిగిలింది. నాలుకకు రంధ్రమంటే అసహ్యమని అందరూ ముఖం చిట్లించాక, జాతరలో భక్తులు నాలుకకు శూలం గుచ్చుకుంటారని పుణ్యవతి గారికి గుర్తొచ్చింది. నాలుక రంధ్రాన్ని జాతర రోజుల్లో మాత్రం అనుమతించాలని ఏకగ్రీవంగా తీర్మానించి, మేము ఉప్మా తిన్నాము.

రెండో సమావేశానికి ప్రశాంతిని పిలిపించారు. ఆమె హెడ్‌సెట్ మెడకు వేసుకునే వచ్చింది.

"ఏమ్మా, చదువుకున్న పిల్లవు. తేలేమిటమ్మా?" అన్నారు పుణ్యవతి గారు.

"మా నానమ్మ చేతికి ఉండె మేడం. సక్కుబాయి అంటె పుప్పాలగూడల అందరికెరుక. పోయినేడు పోయింది. ఆమె చేతి మీద ఎట్లుండెనో అట్లనే, చుక్కతో సహా, ఏపిచ్చుకున్న."

"ఆవిడకు వేసింది ఎవరు?"

"ఊర్లె తిరిగేటోళ్లు. సూదితోని పొడిచిన్రంట."

"నీకు?"

"ఖాజాగూడ చెరువు దిక్కు ఒక స్టూడియో ఉన్నది మేడం. మెషిన్‌తోని."

పుణ్యవతి గారు విజయగర్వంతో అధ్యక్షుల వంక చూశారు. "విన్నారా అండీ? సూదితో వేస్తే సంస్కృతి. మెషిన్‌తో వేస్తే వికృతి."

శాస్త్ర సభ్యుడిగా నేను కల్పించుకోక తప్పలేదు. సూదైనా మెషినైనా రంగు చేరేది చర్మం రెండో పొరలోకే. అక్కడి రక్షక కణం దాన్ని పరాయి పదార్థమనుకుని మింగుతుంది. మింగాక అరిగించుకోలేదు, కక్కలేదు, కదలలేదు. అది చచ్చిపోతే పక్కనున్న కణం అదే రంగును మింగి అక్కడే కూర్చుంటుంది. అందుకే బొమ్మ చెరిగిపోదు.

"అచ్చం నామినేటెడ్ పదవిలా ఉందే!" అని బుల్లిబాబు గారు ముచ్చటపడ్డారు. ఆ తర్వాత ప్రశాంతి వైపు తిరిగి, "చూడమ్మా, నీ పని మీద మాకు ఒక్క కంప్లయింట్ లేదు. పర్మనెంట్ ఆర్డర్లిచ్చే వేళకు తేలు ఉండకూడదు. అంతే," అన్నారు.

"తేలు పోకపోతే?"

"నువ్వు పోతావు."

ప్రశాంతి తన చేతి వంక చూసుకుంది. "ఆ ముసల్దాని చెయ్యి కట్టెల మీద కాలిపాయె సార్. ఇది ఒక్కటే మిగిలింది. మీ ఇష్టం," అంది. అంతలో హెడ్‌సెట్‌లో ఎవరో పిలిచినట్టున్నారు. "ఆ, చెప్పండి మేడం, క్యాబ్ ఏడికొచ్చింది?" అంటూ వెళ్లిపోయింది. నేను చెవులు రిక్కించి విన్నాను. ఆమె స్వరంలో తేలు నాకు వినబడలేదు. వయసు మీద పడ్డాక వినికిడి తగ్గడం సహజం.

ఆర్డర్లకు ఇంకా వ్యవధి ఉంది గనక ఈలోగా మణికట్టు నుంచి మోచేయి పైదాకా కప్పే చేతి తొడుగులు సరఫరా చేశారు. అవి ఒకటే రంగు, గోధుమ పిండి రంగు. అందరికీ ముఖాలు ఎవరివి వారివే ఉండి, చేతులు మాత్రం ఒకే తల్లి బిడ్డల్లా తయారయ్యాయి. పచ్చబొట్లు లేనివాళ్లకు కూడా తొడుగులు తప్పనిసరి. లేకపోతే ఎవరికి ఉన్నాయో తెలిసిపోయి గోప్యతకు భంగం వాటిల్లుతుంది. ఇంత సున్నితంగా ఆలోచించే నాయకుణ్ణి నేను ఇంకెక్కడా చూడలేదు.

బుల్లిబాబు గారి పుట్టినరోజు వచ్చింది. కేకు కోయబోతుండగా ఎల్లేశం జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చి, కుడిచేతి తొడుగును సర్రున లాగేశాడు. ముంజేతి మీద బుల్లిబాబు గారు నవ్వుతున్నారు. మీసం, బొట్టు, మెడలో కండువా, ఏదీ తక్కువ కాలేదు.

"అన్నా! పానమున్నన్ని దినాలు నువ్వు నా చేతి మీదనే!"

బుల్లిబాబు గారి కళ్లు చెమర్చాయి. ఆయన ఎల్లేశాన్ని కౌగిలించుకుని, ఆ చేతిని తీసుకుని, తన ముఖాన్ని తానే ముద్దు పెట్టుకున్నారు. వెనక నుంచి ఎవరో "పాలసీ?" అని గొణిగారు. ఆ మాటన్నది ప్రశాంతి అని నా అనుమానం.

బుల్లిబాబు గారు తడుముకోలేదు. "ఇది పచ్చబొట్టు కాదు. చిత్రపటం. ఆఫీసులో నాయకుడి చిత్రపటం ఉండకూడదని ఎవడన్నాడు?"

"అది గోడకు కదండీ ఉంటుంది," అన్నాను.

"గోడ చేసే పనే ఇతను చేస్తున్నాడు మాస్టారూ. పైగా గోడ నడవదు. ఇతను నడుస్తాడు."

ఆ సాయంత్రమే విధానాన్ని సవరించారు. ప్రజానాయకుల రూపాలు చిత్రపటాల కింద లెక్క. వాటికి తొడుగు కప్పడం అవమానం. ఎవరో అభిమాని ఎల్లేశం చేతికి మల్లెదండ చుట్టబోతే మాత్రం పుణ్యవతి గారు కెవ్వున అరిచి ఆపారు. బతికున్నవారి పటానికి దండ వేయరాదు.

ఎల్లేశానిది మంచి మనసు. మర్నాడు హెల్ప్‌లైన్ గదికి వెళ్లి ప్రశాంతికి ఉపాయం చెప్పాడు.

"అక్కా, ఎందుకు పరేషాన్ అయితవు? తేలు పక్కన అన్న బొమ్మ ఏపియ్యి. చేయంత చిత్రపటమైతది. ఇగ నీకు పర్మనెంటే."

"తేలు అన్నను కుడ్తె?"

"అట్లంటవేంది అక్కా!"

"పూచీ నీదైతె చెప్పు, ఇప్పుడే పోత."

ఎల్లేశం ఆలోచించి, ఆ పూచీ తన స్థాయికి మించిందని గ్రహించి, టీ తాగడానికి వెళ్లాడు. అతని సలహా విన్న హెల్ప్‌లైన్ కుర్రవాడు ఒకడు, కనుబొమకు రింగు ఉన్నవాడు, మెడ మీద బుల్లిబాబు గారిని వేయించుకుని వచ్చాడు. ఇప్పుడు నాయకుడి వంక చూసేవారికి ఆ రింగు కనబడదని అతని వాదన. కమిటీ ఒప్పుకుంది. ప్రశాంతి మాత్రం తొడుగు వేసుకుని, కాల్స్ ఎత్తుతూ, తనను ఉద్యోగంలోంచి తీసేసే రోజు కోసం ఎదురుచూడసాగింది. పర్మనెంట్ కాబోయేవారి జాబితాలో ఆమె పేరును కొట్టేయడానికి ఎర్ర సిరాతో చుట్టారని నాకు తెలిసింది. తేలుకు మినహాయింపు ఇవ్వమని రెండు సమావేశాల్లో అడిగాను. రెండుసార్లూ నాకు శాలువా కప్పారు.

అటువంటి సమయంలో పార్టీ పెద్దాయన కార్యాలయాన్ని చూడవచ్చారు. నల్లకళ్లద్దాలు లేకుండా ఆయనను ఎవరూ చూసి ఎరుగరు. ఎల్లేశం ముందుకు దూకి చేయి చాపాడు. పెద్దాయన వంగి చూశారు.

"ఎవరిది?"

"మా బుల్లిబాబన్నది సార్!"

"బాగుంది. మరి నాది ఎక్కడ?" అని పెద్దాయన నవ్వారు. అందరూ నవ్వారు. బుల్లిబాబు గారు కూడా నవ్వారు గాని, ఆ నవ్వు ముఖంలో ఒక పక్కకే వచ్చింది.

మర్నాడు ఆయన పొట్టిచేతుల చొక్కాతో కార్యాలయానికి వచ్చారు. ఎడమ చేతి మణికట్టు దగ్గర నుంచి మోచేయి దాకా పెద్దాయన, కళ్లద్దాలతో సహా. ఎల్లేశం చేతి మీద కూడా బుల్లిబాబు గారికి పైన పెద్దాయన వెలిశారు. అక్కడ ఒక శాస్త్రీయ సమస్య తలెత్తింది. చేయి కిందికి వేలాడుతున్నంత సేపూ పెద్దాయన పైన, బుల్లిబాబు గారు కింద, సజావుగానే ఉంది. "జిందాబాద్" అని చేయి పైకెత్తితే బుల్లిబాబు గారు పైకి, పెద్దాయన కిందికి వస్తున్నారు. పార్టీ క్రమశిక్షణ దృష్ట్యా ఎల్లేశం ఇకపై చేయెత్తకుండా నినాదాలివ్వాలని ఆదేశించారు. పాపం, మొదటి నినాదానికే అతనికి ఊపిరాడలేదు.

ప్రజాస్వామ్యంలో ఏదీ శాశ్వతం కాదు, చర్మం రెండో పొర తప్ప. ఒక శనివారం పెద్దాయన మధ్యాహ్నం దాకా పెద్దాయనగానే ఉన్నారు. సాయంత్రానికి ఆయన ఎదుటి పార్టీలో చేరిపోయారు. పార్టీకి కొత్త పెద్దాయన వచ్చారు. ఆయన తొలి కార్యక్రమం హెల్ప్‌లైన్ వాళ్లకు స్వయంగా పర్మనెంట్ ఆర్డర్లు అందించడం. అదీ మరుసటి వారమే. పాత పెద్దాయన ఫ్లెక్సీలు ఒక్కపూటలో దిగిపోయాయి. గోడల మీది చిత్రపటాలు స్టోరు గదిలోకి వెళ్లాయి. గోడలకు ఆ సౌకర్యం ఉంది.

ఆర్డర్లకు ముందు చివరి పరిశీలన రోజున బుల్లిబాబు గారు మండుటెండలో కోటు తొడుక్కుని వచ్చారు. ప్రశాంతిని లోపలికి పిలిచి, పుణ్యవతి గారిని, ఎల్లేశాన్ని బయటకు పంపారు. నన్ను ఉండమన్నారు. విషయం శాస్త్రీయమైనదట.

"మాస్టారూ, ఆ రెండో పొర నుంచి రంగును బయటకు లాగలేమా?"

"లేజర్ ఉందండీ. కాని నెలల తరబడి విడతలు విడతలుగా చేయించుకోవాలి. చర్మం బొబ్బలెక్కుతుంది కూడా."

"వచ్చే వారానికి?"

"విజ్ఞానశాస్త్రం ఇంకా అంత దూరం రాలేదండీ."

బుల్లిబాబు గారు నిట్టూర్చి ప్రశాంతి వైపు తిరిగారు. ఆయన గొంతులో నేనెప్పుడూ వినని వాత్సల్యం ధ్వనించింది. "అమ్మా ప్రశాంతీ, ఆ ఖాజాగూడ అబ్బాయి ఎలాంటివాడు?"

"ఎందుకు సార్?"

"ఊరికే. పాతదాన్ని కప్పేస్తూ కొత్తది వేస్తాడా?"

ప్రశాంతి కుర్చీలో వెనక్కి వాలింది. "ముందుగాల నా ఆర్డర్ సంగతేందో చెప్పుండ్రి సార్."

"నీ ఆర్డర్‌కేమమ్మా! నీ తేలు మీద ఎవరికి అభ్యంతరం?"

"మీకే సార్."

"నాకా?" బుల్లిబాబు గారు నిజంగానే ఆశ్చర్యపోయారు. కలం తీసి, అక్కడికక్కడే ఆమె ఆర్డర్ మీద సంతకం పెట్టి, స్టాంపు కూడా తన చేత్తోనే వేశారు. సిరా ఆరిందో లేదో ప్రశాంతి వేలితో తాకి చూసి, కాగితం మడిచి లోపల పెట్టుకుంది. అప్పుడు చెప్పింది.

"ఇగ చెయ్యి చూపియ్యుండ్రి."

బుల్లిబాబు గారు నా వైపు ఒకసారి చూసి, కోటు తీసి, చొక్కా చేతి గుండీ విప్పారు. ఆమె అటూ ఇటూ తిప్పి చూసింది. దవాఖానలో డాక్టరు కూడా అంత శ్రద్ధగా చూడడు.

"మస్తు నల్లగున్నది సార్. దీని మీద ఇంకో మనిషి ముఖం పట్టది."

"కొత్త పెద్దాయనది కూడానా?"

"ఎవలది పట్టది. జంతువైతే పడ్తది. కళ్లద్దాలున్నయి గద, గుడ్లగూబ మంచిగ కుదుర్తది."

"గుడ్లగూబ అపశకునం కదమ్మా!"

"సార్, ఇప్పుడున్న బొమ్మకంటెనా?"

బుల్లిబాబు గారు అడ్రసు రాసుకున్నారు.

ఆర్డర్ల సభ దిగ్విజయంగా జరిగింది. శుద్ధ చర్మ విధానం ఊసు ఎవరూ ఎత్తలేదు. తెర మీద 'నా చర్మం, నా హక్కు' అని మెరిసింది. కొత్త పెద్దాయన ప్రశాంతికి ఆర్డరు అందించారు. ఆమె తొడుగు లేని చేత్తోనే అందుకుంది. "తేలా? భేష్!" అని ఆయన మెచ్చుకున్నారు. ఆమె దణ్ణం పెట్టి, కాల్స్ ఆగిపోతున్నాయంటూ మెట్లు దిగి వెళ్లిపోయింది.

తర్వాత బుల్లిబాబు గారు పూలగుత్తి పట్టుకుని వంగారు. కోటు చేయి పైకి జరిగింది. కొత్త పెద్దాయన చూపు అక్కడ ఆగింది. చుట్టూ చర్మం ఇంకా ఎర్రగా ఉంది. మధ్యలో నల్లగా, గుండ్రటి కళ్లతో, నిగనిగలాడుతూ గుడ్లగూబ. దాని కళ్ల మధ్య కళ్లద్దాల వంతెన లీలగా కనబడుతోంది.

బుల్లిబాబు గారు పూలగుత్తిని అడ్డం పెట్టి గుడ్లగూబను కప్పబోయారు.

కొత్త పెద్దాయన కోపగించలేదు. బుల్లిబాబు గారి చేతిని తన చేతుల్లోకి తీసుకుని, మైకును పక్కకు జరిపి, అనునయంగా అడిగారు.

"పనితనం బాగుందండీ. ఎక్కడ వేయించారు?"

"ఖాజాగూడలోనండి."

"మా రోజుల్లో ఇంత మంచివాళ్లు దొరికేవారు కారు," అంటూ ఆయన తన లాల్చీ కుడిచేతిని మెల్లగా మోచేయి దాకా మడిచారు. అక్కడ ఒక పెద్ద ఎలుగుబంటి ఉంది. పక్క కుర్చీలో ఉన్నందువల్ల నాకు స్పష్టంగానే కనిపించింది. ఎలుగుబంటి మూతి కింద, ఏ కాలపు పెద్దాయనదో గాని, మెలితిరిగిన మీసం, ఆ కింద కొంత కండువా ఉండటం నేను జంతుశాస్త్రంలో ఎక్కడా చదివిన గుర్తు లేదు.